ఒక్క యూనిట్ బరువెంత?

రామగుండంలో బొగ్గు కరెంటుగా మారే దారి వెంట నడుస్తూ, మజిలీ మజిలీకీ ఆగి వేసిన లెక్క

ఇస్త్రీపెట్టె గంటసేపు వేడిగా ఉంటే ఒక యూనిట్. పాతరకం సీలింగ్ ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్. కరెంటు కంటికి కనిపించదు, చేతికి అందదు. అందుకే దానికి బరువు ఉంటుందన్న ఆలోచన మనకు రాదు. పెద్దపల్లి జిల్లా రామగుండంలో, బొగ్గు దించుతున్న రైలు పక్కన నిలబడితే మాత్రం ఆ ఆలోచన రాకుండా ఉండదు.

మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సుమారు 650 గ్రాముల బొగ్గు కాలాలి. అది కాలితే రెండు వందల గ్రాములకు పైగా బూడిద మిగులుతుంది. మూడు, మూడున్నర లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. దాదాపు 950 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాల్చింది 650 గ్రాములే అయితే పైకి పోయిన వాయువు అంతకంటే ఎక్కువ బరువు ఎలా తూగుతుంది? బొగ్గులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుని వెళ్తుంది. 12 గ్రాముల కార్బన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ తోడై 44 గ్రాములవుతుంది.

థర్మల్ కేంద్రంలో ప్రతిదానికీ తూకం ఉంటుంది. వచ్చిన బొగ్గు, పీల్చిన గాలి, తాగిన నీరు, వదిలిన బూడిద అన్నీ అక్కడ టన్నుల్లోనే నడుస్తాయి. ఆ టన్నులన్నీ కలిసి మన ఇంటికి వచ్చేసరికి బరువు లేని ఒక అంకెగా మారతాయి. ఆ అంకె వెనక ఏముందో చూడటానికే ఈ నడక.

బొగ్గు కింద, గోదావరి పక్కన

థర్మల్ కేంద్రం ఎక్కడ కట్టాలన్నది బొగ్గూ నీరూ నిర్ణయిస్తాయి. ఆ రెండూ ఒకేచోట దొరికే భాగ్యం కొద్ది ఊళ్లకే ఉంటుంది. రామగుండం వాటిలో ఒకటి. పక్కన గోదావరి, నేల కింద పాతిక కోట్ల ఏళ్ల నాటి అడవులు బొగ్గుగా మారిన పొరలు. ఈ గోదావరి లోయలో, ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్న సంగతిని 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ గుర్తించారు. సింగరేణి బొగ్గు గనుల కథ అక్కడ మొదలైంది. ఆ తరవాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని... బొగ్గుబాయి చుట్టూ ఊళ్లు వెలిశాయి. షిఫ్టు సైరన్‌ను బట్టి పొయ్యి వెలిగించే ఇళ్లు వెలిశాయి.

ఆ బొగ్గు నిజాం కాలంలోనే కరెంటు అయింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉండేది. రామగుండంలో 62.5 మెగావాట్ల యూనిట్ 1971లో మొదలైంది. ఇక్కడ ఎన్టీపీసీ భారీ కేంద్రానికి 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తి ప్రారంభించింది. అలాంటివి మూడు, 500 మెగావాట్లవి నాలుగు కలిసి 2004 నాటికి కేంద్రం 2,600 మెగావాట్లకు చేరింది. ఇక్కడి కరెంటు తెలుగు రాష్ట్రాలతో ఆగదు. తమిళనాడు, కర్ణాటక, కేరళ, గోవా, పుదుచ్చేరి దాకా వెళ్తుంది. రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణకు హామీ ఇచ్చిన 4,000 మెగావాట్లలో తొలి విడతగా 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఇదే ప్రాంగణంలో వచ్చాయి. మొదటిదాన్ని 2023 అక్టోబరులో, రెండోదాన్ని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు.

ఇంజిన్ విప్పని రైలు

పాత 2,600 మెగావాట్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 40,000 టన్నుల బొగ్గు కావాలి. ఇంత బొగ్గును మామూలు గూడ్సు పద్ధతిలో తెస్తే స్టేషన్లో ఆపడానికి, ఇంజిన్ విప్పి మళ్లీ తగిలించడానికే సమయం సరిపోదు. అందుకే గనికీ కేంద్రానికీ మధ్య సొంత రైలు మార్గం వేసుకున్నారు. దాన్ని మెర్రీ గో రౌండ్ అంటారు. ఎంజీఆర్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. రైలు గని దగ్గర బొగ్గు నింపుకుంటుంది. కేంద్రానికి వచ్చి, పట్టాల కింద నోరు తెరుచుకుని ఉన్న పొడవాటి తొట్టి మీదుగా నెమ్మదిగా కదులుతుంది. గాలి పీడనంతో వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుంటాయి. బొగ్గు ఒక్క ఉదుటున కిందికి జారుతుంది. తలుపులు మూసుకుని రైలు చుట్టు తిరిగి మళ్లీ గనికి పోతుంది.

ఆ చప్పుడు చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. లేచిన దుమ్ముపై నీళ్లు చిమ్ముతూనే ఉంటారు. అయినా హెల్మెట్ అంచున, కనుబొమల మీద నల్లటి పొర పేరుకుంటుంది. ఇక్కడి నుంచి కన్వేయర్ బెల్టులది పని. క్రషర్లు బొగ్గు పెళ్లలను ఉసిరికాయంత ముక్కలుగా చితక్కొడతాయి. మధ్యలో అయస్కాంతాలు ఇనుప బోల్టుల్నీ గని నుంచి కొట్టుకొచ్చిన తుక్కునూ ఏరేస్తాయి. అవసరానికి మించిన బొగ్గును యార్డులో కుప్ప పోస్తారు. ఆ కుప్పలకూ కాపలా కావాలి. గాలి తగిలిన బొగ్గు లోలోపల వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటుంది. అందుకే బుల్డోజర్లు కుప్పల్ని తొక్కి గాలి చొరకుండా చేస్తాయి, గొట్టాలు నీళ్లు పోస్తుంటాయి.

పిండి చేసి మంట పెట్టాలి

ముక్కల్ని అలాగే కాలిస్తే ఇన్ని మెగావాట్లు రావు. పైన మాత్రమే కాలి, లోపల పచ్చిగా మిగిలిపోతుంది. అందుకని ప్రతి బాయిలర్ పక్కనా వరసగా మిల్లులు ఉంటాయి. బరువైన రోలర్ల కింద నలిగిన బొగ్గు, వేళ్ల మధ్య రుద్దితే జారిపోయేంత మెత్తని పొడిగా మారుతుంది. అందులో నూటికి డెబ్బై పాళ్లు మిల్లీమీటరులో పదమూడో వంతు కంటే సన్నగా ఉండాలన్నది లెక్క. వేడి గాలి ఆ పొడిని ఆరబెట్టి, గొట్టాల వెంట ఎగరేసుకుని బాయిలర్ నాలుగు మూలలకూ తీసుకెళ్తుంది.

నాలుగు మూలల నుంచి వచ్చే ధారలు సరిగ్గా మధ్యకు గురిపెట్టి ఉండవు. కాస్త పక్కకు తిప్పి ఉంటాయి. దాంతో మంట సుడి తిరుగుతూ బాయిలర్ నడుమ ఒక అగ్నిగోళంగా నిలుస్తుంది. పొడి ఆ సుడిలో ఎక్కువసేపు ఉండి పూర్తిగా కాలుతుంది. అక్కడి వేడి 1,300 డిగ్రీలు దాటుతుంది. పక్కనున్న చిన్న కిటికీ లోంచి నల్లద్దం అడ్డుపెట్టి చూడనిస్తారు. నాలుకలు చాచే మంట కనిపిస్తుందని ఊహించుకుంటాం. అక్కడ ఉన్నది తెల్లగా మెరిసే వెలుగే, నాలుకల్లేవు. రెండు క్షణాలకే ముఖం చుర్రుమంటుంది.

ఈ మంటకు బొగ్గు కంటే గాలి ఎక్కువ కావాలి. కిలో బొగ్గు కాలడానికి ఐదారు కిలోల గాలి పడుతుంది. గాలిని లోపలికి నెట్టే ఫ్యాన్లు, కాలిన వాయువును బయటికి లాగే ఫ్యాన్లు వేరువేరుగా ఉంటాయి. లాగేవి కాస్త ఎక్కువ బలంగా లాగుతాయి కాబట్టి బాయిలర్ లోపల పీడనం ఎప్పుడూ బయటికంటే రవ్వంత తక్కువగా ఉంటుంది. ఎక్కడైనా సందు ఉన్నా బయటి గాలే లోపలికి పోతుంది, మంట బయటికి ఎగదన్నదు. కిటికీ తెరిచి చూసేవారి ముఖాన్ని కాపాడేది ఆ రవ్వంత తేడాయే.

పైనుంచి వేలాడే బాయిలర్

ఇరవై అంతస్తుల ఎత్తున్న ఈ కట్టడం నేల మీద కూర్చుని ఉండదు. చుట్టూ ఉన్న ఉక్కు స్తంభాలపైన దూలాలు, ఆ దూలాల నుంచి కడ్డీలతో వేలాడుతూ వేల టన్నుల బాయిలర్. ఎందుకలా? చల్లగా ఉన్నప్పటి పొడవుకూ వేడెక్కాక ఉండే పొడవుకూ తేడా వస్తుంది. కింద బిగిస్తే సాగడానికి చోటు లేక ఇనుము వంకర్లు పోతుంది. పైన కట్టి వదిలేస్తే కిందికి హాయిగా సాగుతుంది. అడుగున నిలబడిన వాళ్లకు ఇంజినీరు అక్కడున్న ఖాళీ చూపిస్తారు. బాయిలర్ వేడెక్కి అడుగున్నర పొడవు పెరగాల్సి వచ్చినా ఇబ్బంది లేనంత జాగా.

బాయిలర్ గోడలంటే ఇటుకలు కాదు, ఒకదానికొకటి అతికించిన నీటి గొట్టాలు. మంట వేడిని తీసుకుని నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని మళ్లీ మళ్లీ వేడిచేసి, 500 మెగావాట్ల యూనిట్లో 540 డిగ్రీల దగ్గరికి, వాతావరణ పీడనానికి 170 రెట్ల దాకా తీసుకెళ్తారు. ఇంత ఆవిరి కంటికి కనిపించదు. చిన్న రంధ్రం పడి బయటికి దూకితే ఆ ధార ఎదురొచ్చిన దేన్నైనా కోసేస్తుంది. అందుకే ట్యూబ్ లీకేజీ అన్న మాట వినబడితే చాలు, యూనిట్ మొత్తాన్ని ఆపి బాగుచేస్తారు. ఆ మాట మనం పేపర్లో చిన్న వార్తగా చదువుతాం. లోపలివాళ్లకు అది నిద్రలేని రాత్రి.

కొత్త 800 మెగావాట్ల యూనిట్లు సూపర్ క్రిటికల్ తరహావి. పీడనం వాతావరణానికి 218 రెట్లు, వేడి 374 డిగ్రీలు దాటితే నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది. బుడగలు రావు, మరగడం ఉండదు. నేరుగా ఒక దశ నుంచి మరో దశకు జారిపోతుంది. ఎక్కువ వేడి, ఎక్కువ పీడనం అంటే అదే బొగ్గుకు ఎక్కువ కరెంటు. మన యూనిట్ బరువు అక్కడ కాస్త తగ్గుతుంది.

నిమిషానికి మూడు వేల చుట్లు

టర్బైన్ హాలులో అడుగుపెడితే బొగ్గు ఛాయలు మాయమవుతాయి. తుడిచిన నేల, రంగు వేసిన తొడుగులు, పాదాల్లోంచి పైకి పాకే ఒక సన్నని కంపనం. తొడుగు లోపల ఆవిరి మూడు దశల్లో తన బలాన్ని అప్పగిస్తుంది. మొదట అధిక పీడన టర్బైన్‌లో చిన్న రెక్కల మీద. తరవాత బాయిలర్‌కు వెనక్కి వెళ్లి మళ్లీ వేడెక్కి మధ్యస్థ పీడన టర్బైన్‌లో. చివరికి అల్ప పీడన టర్బైన్‌లోని పొడవాటి రెక్కల మీద. ఆవిరి బలం తగ్గేకొద్దీ విస్తరిస్తుంది కాబట్టి రెక్కలు కూడా పెద్దవవుతూ పోతాయి.

అన్నిటికీ కలిపి ఒకటే ఇరుసు. దాని చివర జనరేటర్ లోపల తిరిగే విద్యుదయస్కాంతం. వేగం నిమిషానికి సరిగ్గా 3,000 చుట్లు, అంటే సెకనుకు 50. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగడానికి మూలం ఈ ఇరుసు వేగమే. ఇంత యంత్రం తిరుగుతుంటే పుట్టే వేడిని తీయడానికి జనరేటర్ నిండా హైడ్రోజన్ నింపుతారు. గాలి కంటే తేలిక కనుక రాపిడి తక్కువ, వేడిని మోసుకుపోవడంలో గాలి కంటే మెరుగు. గాలితో కలిస్తే పేలే వాయువు కనుక దాని స్వచ్ఛతను రాత్రింబవళ్లు కనిపెట్టి ఉంటారు.

యూనిట్ ఆగినా ఈ ఇరుసుకు విశ్రాంతి లేదు. వేడిగా ఉన్న పదుల టన్నుల ఇనుము కదలకుండా ఉంటే తన బరువుకే తాను వంగుతుంది. తలవెంట్రుకంత వంగినా మళ్లీ మూడు వేల చుట్లు తిప్పలేరు. అందుకని చల్లారేదాకా బారింగ్ గేర్‌తో నెమ్మదిగా తిప్పుతూనే ఉంటారు.

జనరేటర్ నుంచి వచ్చే సుమారు 21,000 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ 4,00,000 వోల్టులకు పెంచి స్విచ్‌యార్డుకు పంపుతుంది. వోల్టేజీ పెరిగితే తీగల్లో ప్రవాహం తగ్గుతుంది, దారిలో వేడిగా పోయే నష్టమూ తగ్గుతుంది.

వందలో అరవై ఎటు పోతోంది?

ఒక యూనిట్ కరెంటులో ఉన్నది 860 కిలో కేలరీల శక్తి. దాన్ని తయారు చేయడానికి పాత తరహా యూనిట్లో సుమారు 2,400 కిలో కేలరీల బొగ్గు కాలుస్తాం. వందకు ముప్ఫై ఆరు వంతులే చేతికొస్తుంది. మిగతాది? పన్నెండు, పదిహేను వంతులు పొగగొట్టం దారిన, బాయిలర్ నష్టాల రూపంలో పోతాయి. యాభై వంతుల దాకా, ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌లో నీళ్ల పాలవుతాయి.

ఇది పనివాళ్ల లోపమో, యంత్రాల నాసితనమో కాదు. టర్బైన్ తిప్పిన ఆవిరి మళ్లీ నీరుగా మారితేనే బాయిలర్‌కు పంప్ చేయగలం. ఆవిరి చల్లబడి నీరైనప్పుడు వేల రెట్లు కుంచించుకుపోతుంది, అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం వైపు దూసుకు రావడానికే ఆవిరి టర్బైన్‌లో అంత బలంగా పరుగెడుతుంది. వేడిని వదులుకునే చోటు లేకపోతే పని చేసే బలమూ ఉండదు. వేడి యంత్రాలన్నీ ఈ ప్రకృతి సూత్రానికి లోబడి నడిచేవే.

500 మెగావాట్ల యూనిట్ కండెన్సర్ గుండా గంటకు యాభై, అరవై వేల టన్నుల నీరు ప్రవహిస్తుంది. ఇది బాయిలర్‌లో తిరిగే శుద్ధమైన నీటితో కలవదు. గొట్టాల్లోంచి పోతూ వేడిని పట్టుకుని కూలింగ్ టవర్‌కు చేరి, అక్కడ చల్లబడి మళ్లీ తిరిగొస్తుంది. దూరం నుంచి కనిపించే లావాటి టవర్ల నుంచి లేచే తెల్లటి మేఘం పొగ కాదు, నీటి ఆవిరి. పొగ వచ్చేది సన్నగా ఆకాశంలోకి లేచిన చిమ్నీ నుంచి. చల్లబడేటప్పుడు ఆవిరై పోయే నీరే మన లెక్కలోని మూడు మూడున్నర లీటర్లలో ఎక్కువ భాగం. కూలింగ్ టవర్లున్న పాత కేంద్రాలు యూనిట్‌కు 3.5 లీటర్లు దాటకూడదని 2015లో కేంద్ర పర్యావరణ శాఖ హద్దు పెట్టింది. రామగుండంలో ఈ నీరు గోదావరిది. విశాఖ దగ్గరి సింహాద్రి కేంద్రం చల్లబరచడానికి సముద్రపు నీటినే వాడుకుంటుంది. నది మీద భారం తగ్గించే దారుల్లో అదొకటి.

తయారైన కరెంటులోనూ ఆరేడు శాతం కేంద్రమే తింటుంది. మిల్లులు, ఫ్యాన్లు, పంపులు, బెల్టులు నడవాలి కదా.

అందరూ పట్టిన తాడు

కంట్రోల్ రూమ్‌లో చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. గోడ నిండా తెరలు. వాటిలో ఎక్కువసార్లు చూసేది బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టం. తగ్గితే గొట్టాలు కాలిపోతాయి, పెరిగితే నీటి చుక్కలు టర్బైన్‌లోకి దూకి రెక్కల్ని విరుస్తాయి. హద్దు దాటితే మనిషి కోసం చూడకుండా యంత్రమే యూనిట్‌ను ట్రిప్ చేస్తుంది. అదే వరసలో ఇంకో అంకె అందరి కళ్లనూ లాగుతుంది. 50.01, 49.97, 50.02... గ్రిడ్ ఫ్రీక్వెన్సీ.

ఊరి జాతరలో రథాన్ని లాగేవాళ్లంతా ఒకే తాడు పట్టుకుని ఒకే అడుగు వేస్తారు. గ్రిడ్‌లో కలిసిన జనరేటర్లు అన్నీ అలాగే ఒకే లయలో తిరుగుతాయి. సాయంత్రం ఏడింటికి కోట్ల ఇళ్లలో దీపాలు వెలిగితే రథం బరువెక్కుతుంది, అందరి అడుగూ ఒక్కసారే మందగిస్తుంది. అప్పుడు రామగుండంలో ఆవిరి వాల్వు ఇంకాస్త తెరుచుకోవాలి, ఇంకాస్త బొగ్గు మంటలో పడాలి. కరెంటుకు పెద్ద గోదాములు లేవు. వాడే క్షణానే తయారవ్వాలి. 49.90 నుంచి 50.05 మధ్యనే ఉండాలన్నది నియమం.

ఆ తాడు తెగితే ఏమవుతుందో 2012 జులై 30, 31 తేదీల్లో దేశం చూసింది. రెండో రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో అరవై కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరుగా నడుస్తోంది కనుక మనకు ఆ దెబ్బ తగల్లేదు. రాయచూరు–షోలాపూర్ లైనుతో 2013 డిసెంబరు 31న దక్షిణాది కూడా ఒకే దేశపు గ్రిడ్‌లో చేరింది. అప్పటి నుంచి రామగుండం టర్బైనూ కశ్మీర్ నది మీది టర్బైనూ ఒకే లయలో తిరుగుతున్నాయి.

బూడిద ఎక్కడికీ పోదు

కరెంటు తీగెక్కి వెళ్లిపోతుంది. బూడిద మాత్రం రామగుండంలోనే ఉంటుంది. మన బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ, నూటికి ముప్ఫై నుంచి నలభై దాకా. 40,000 టన్నులు కాలితే రోజుకు 14,000 టన్నుల బూడిద. అందులో ఐదో వంతు బరువైనది, బాయిలర్ అడుగున పడుతుంది. మిగిలిన నాలుగు వంతులు పొగతో పాటు ఎగిరిపోబోతాయి. చిమ్నీకి ముందు ఈఎస్‌పీ అనే పెద్ద పెట్టెల్లో వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం ఆ రేణువులకు ఆవేశం ఎక్కించి పలకలకు అంటిస్తుంది. సుత్తులు పలకల్ని కొట్టి దులుపుతాయి. సరిగ్గా పనిచేస్తే నూటికి తొంభై తొమ్మిదికి పైగా ఇక్కడే ఆగిపోతుంది. తప్పించుకున్నదాన్ని 275 మీటర్ల చిమ్నీ ఎత్తుకు తీసుకెళ్లి దూరంగా చల్లుతుంది. గంధక వాయువును పట్టే యంత్రాలు పెట్టాలని 2015లో నిబంధన తెచ్చారు. గడువు పదేపదే పొడిగించారు. 2025 జులైలో ఎక్కువ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చారు. మన బొగ్గులో గంధకం తక్కువన్నది వాదన. ఇంత బొగ్గు కాల్చేచోట తక్కువ శాతం కూడా చాలా టన్నులవుతుందన్నది ఎదురు లెక్క. నేను రెండో లెక్క వైపే ఉన్నాను. చిమ్నీ కింద బతికేవాళ్లు శాతాల్ని పీల్చరు, గాలిని పీలుస్తారు.

పట్టిన బూడిదకు విలువ ఉంది. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపవచ్చు. ఇటుకలవుతుంది, రోడ్ల కట్టలవుతుంది, ఖాళీ అయిన గనుల్ని నింపుతుంది. ఉత్పత్తయిన బూడిదనంతా వాడి తీరాలని 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన కేంద్రాల్ని కట్టడి చేసింది. వాడగా మిగిలిందీ, ఏళ్ల తరబడి పేరుకున్నదీ నీళ్లలో కలిపి పంపిన బూడిద చెరువుల్లో ఉంటుంది. ఎండాకాలంలో ఆ చెరువు పైపొర ఎండుతుంది. వైశాఖపు గాలి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్లలో ఆరేసిన బట్టలు, వడియాలు, చేలు తెల్లబడతాయి. కట్ట తెగితే అంతకంటే ఘోరం. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో ఒక బూడిద చెరువు కట్ట తెగి పొలాల్ని ముంచింది, ప్రాణాలు తీసింది.

ఒక ఇంటి లెక్క

నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. అంతా బొగ్గు కరెంటే అయితే:

• కాలే బొగ్గు సుమారు 130 కిలోలు
• మిగిలే బూడిద సుమారు 45 కిలోలు, దాదాపు ఒక సిమెంటు బస్తా
• ఖర్చయ్యే నీరు 700 లీటర్ల దాకా
• గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 190 కిలోలు

దేశంలో తయారయ్యే కరెంటులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. కాబట్టి పై అంకెల్లో నాలుగో వంతు తీసేస్తే సగటు ఇంటి అసలు లెక్కకు దగ్గరవుతుంది.

వేడి పక్కన పనిచేసే మనుషులు

రామగుండం ఎండలకు పేరున్న ఊరు. మే నెలలో బయటే నలభై ఐదు డిగ్రీలు. బాయిలర్ పక్క మెట్ల మీద అంతకంటే ఎక్కువ. బాయిలర్ అడుగున బూడిద తోడేవాళ్లు, బెల్టు పక్కన చిందిన బొగ్గు ఎత్తేవాళ్లు, ఓవర్‌హాల్ సమయంలో ఇంకా పూర్తిగా చల్లారని బాయిలర్ లోపల పరంజా కట్టేవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. కంట్రోల్ రూమ్ తెరల మీద వాళ్లు కనిపించరు.

2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ కేంద్రంలో బాయిలర్ అడుగున బూడిద గడ్డకట్టింది. దాన్ని తొలగించే పని జరుగుతుండగా లోపలి పీడనం పెరిగి వేడి వాయువు, బూడిద బయటికి చిమ్మాయి. నలభై మందికి పైగా చనిపోయారు. బూడిద బరువు అంటే అదీ. ప్రమాదం జరిగిన యూనిట్‌ను బాగుచేసుకోవచ్చు. చనిపోయినవాళ్ల ఇళ్లను ఎవరు బాగుచేయగలరు? యూనిట్ ఆగితే వచ్చే నష్టం కోట్లలో ఉంటుంది కాబట్టి ఆపకుండా పని కానిద్దామన్న ఒత్తిడి ప్రతి కేంద్రంలోనూ ఉంటుంది. అనుమానం వస్తే ఆపే అధికారం కిందిస్థాయి కార్మికుడి దాకా దక్కాలి. ఆపినందుకు అతన్ని మందలించకూడదు. బొగ్గు కరెంటులో ఆదా చేయకూడని ఖర్చు ఇదొక్కటే.

పగలు ఎండ, సాయంత్రం బొగ్గు

రామగుండం కేంద్రపు జలాశయం మీద 2022 జులై నుంచి పూర్తి స్థాయిలో 100 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. సుమారు 500 ఎకరాల నీటిని కప్పి, ఆవిరయ్యే నష్టాన్నీ తగ్గిస్తున్నాయి. అదే ఊళ్లో 62.5 మెగావాట్ల పాత యూనిట్ 2024లో శాశ్వతంగా ఆగింది. అదే ఏడాది ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రపు పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చారు. తరం మారుతోంది.

అయినా బొగ్గు అవసరం తీరలేదు. 2024 మే 30న దేశపు విద్యుత్ గిరాకీ 250 గిగావాట్లు తాకింది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు పుష్కలంగా వస్తుంది. పొద్దుగూకగానే అది పోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో వాడకం పెరుగుతుంది. ఆ ఖాళీని నింపమని బొగ్గు యూనిట్లను అడుగుతున్నాం. ఒకప్పుడు రోజంతా ఒకే లోడుతో నడిచిన యంత్రాల్ని మధ్యాహ్నం 55 శాతానికి, ముందుముందు 40 శాతానికి దించి, సాయంత్రం మళ్లీ పైకి ఎత్తమంటున్నాం. ఇలా రోజూ వేడెక్కి చల్లబడితే మందపాటి ఇనుము అలసిపోతుంది, పగుళ్లు తొందరగా వస్తాయి. తక్కువ లోడులో యూనిట్‌కు పట్టే బొగ్గు కూడా పెరుగుతుంది. చల్లారిన యూనిట్‌ను మళ్లీ వెలిగించడమైతే గంటల తరబడి నూనె కాల్చే పని.

కాబట్టి మనం చేయగల పెద్ద మేలు వాడే వేళను మార్చుకోవడం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు. లక్షల మోటార్లు ఎండ ఉన్న వేళలోనే నీళ్లు తోడితే రైతుకు రాత్రి పాము భయం తప్పుతుంది, రామగుండంలో ఆ మేరకు బొగ్గు మిగులుతుంది. నగరంలో వాషింగ్ మెషీన్, గీజర్, కారు చార్జింగ్‌లకూ ఇదే మాట వర్తిస్తుంది.

బరువు తెలియాలి

ఈ నడక చివర నాకు ఒక కోరిక మిగిలింది. మన బిల్లు మీద యూనిట్లు, స్లాబు, సర్‌చార్జీ అన్నీ అచ్చువేస్తారు. వాటి పక్కన ఇంకో మూడు అంకెలు అచ్చువేయాలి: ఈ నెల మీ కోసం కాలిన బొగ్గు ఎంత, మిగిలిన బూడిద ఎంత, ఖర్చయిన నీరు ఎంత. ఈ లెక్కలు కేంద్రాల దగ్గర ఎలాగూ ఉన్నాయి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మనల్ని సిగ్గుపరచడానికి ఈ లెక్క అడగడం లేదు. రామగుండం లేకపోతే ఆస్పత్రిలో వెంటిలేటర్ లేదు, రాత్రి చదువు లేదు, చేతిలో ఫోన్ లేదు. ఆ కృతజ్ఞత నిజమైనదైతే, మన కోసం కాలిన బొగ్గు తాలూకు బూడిదను పక్క ఊరి ఊపిరితిత్తులకు వదిలేయం. బూడిద చెరువును ఎండనివ్వకుండా తడిపే ఖర్చు, ఊళ్లలో ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి శాశ్వత ఉద్యోగితో సమానమైన రక్షణ, మూతపడే యూనిట్ల మీద ఆధారపడిన కుటుంబాలకు ముందే నేర్పే కొత్త పని... ఇవన్నీ యూనిట్ ధరలో న్యాయంగా చేరాల్సినవే. చేరిస్తే బిల్లు కొన్ని పైసలు పెరుగుతుంది. ఆ పైసలు కట్టడానికి నేను సిద్ధం. ఇన్నాళ్లూ ఆ పైసలను మన తరఫున కట్టింది రామగుండం లాంటి ఊళ్లు.